గదిలో రైల్వే లైను, వీధిలో టాటా ఏస్

ఇల్లు మారేటప్పుడు బీరువాకో రేటు, ఫ్రిజ్‌కో రేటు. అక్వేరియం ఉంటే, పగిలితే మా పూచీ లేదన్న షరతుతో ఇంకో రేటు. ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్ల కాగితంలో రైల్వే లైనుకు మాత్రం గడి ఉండదు. గదిలో సగం మేర పట్టాలు, పాయింట్లు, సొరంగం, స్టేషను, గూడ్స్ షెడ్డు, బల్ల అడుగున గుత్తులు గుత్తులుగా వైర్లు, అన్నీ ప్లైవుడ్‌కి అతుక్కుపోయి కనిపిస్తే సామాను చూడ్డానికొచ్చిన సూపర్‌వైజరు అడిగేది ఒకటే: "సార్, ఇది ఊడుతుందా?"

మోడల్ రైల్వే సరదా ఉన్నవాళ్లు లేఔట్‌కి, అంటే ఆ బల్ల మీది రైల్వేకి, మొదటి మేకు కొట్టే రోజున వేసుకోవాల్సిన ప్రశ్న అది. చాలామంది ఇల్లు ఖాళీ చేసే నెలలో వేసుకుంటారు.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ లాంటి చోట్ల ఈ ప్రశ్న త్వరగానే ఎదురవుతుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు. పాత డాబా ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి పోయి అపార్ట్‌మెంట్లవుతున్నాయి. అద్దెకున్నవాళ్లే కాదు, సొంతిల్లు బిల్డర్‌కి ఇచ్చినవాళ్లు కూడా రెండు మూడేళ్లు ఎక్కడో అద్దెకు తలదాచుకోవాల్సిందే. రైల్వే ఉద్యోగం కోసం లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రిదాకా చదివే కుర్రాళ్లున్న పేటలో, ఇంట్లోనే స్టేషన్ మాస్టరుగా స్థిరపడిన పెద్దాయన రైల్వేని ఎలా తరలించాలా అని తల పట్టుకున్నాడంటే నవ్వొచ్చే సంగతే. ఆయనకు మాత్రం నవ్వు రాదు.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. ఈ సరదాలో ఎక్కువమంది వాడే సైజు హెచ్‌ఓ, అంటే అసలు రైలుకు 87వ వంతు. ఇంకా చిన్నది ఎన్, 160వ వంతు. విశాఖ, హైదరాబాద్ మధ్య 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌నే తీసుకుందాం. ఒక బోగీ దాదాపు 24 మీటర్లు. హెచ్‌ఓలో అది 27 సెంటీమీటర్లకు పైనే. ఇరవై బోగీలు తగిలిస్తే ఒక్క రైలే ఐదున్నర మీటర్లు, పద్దెనిమిది అడుగులు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రైలే నిలబడితే ఇక నడిచేదెక్కడ? అందుకే ఇంట్లో గోదావరికి ఐదారు బోగీలతో సరిపెడతారు.

మలుపుల లెక్క ఇంకోటి. హెచ్‌ఓలో మామూలుగా దొరికే వంపు పట్టాలకు వ్యాసార్ధం 18 అంగుళాలు. రైలు గుండ్రంగా తిరిగి రావాలంటే అటూఇటూ అంచులతో కలిపి నాలుగడుగుల వెడల్పు కావాలి. ప్లైవుడ్ షీటు వచ్చేదే ఎనిమిది బై నాలుగు. ఇంకేం, షీటు కొని, కింద ఫ్రేము కొట్టి, పైన పట్టాలు పరిచేస్తారు. అమెరికాలో దశాబ్దాలుగా ఇదే వరస, ఇక్కడా ఇదే. కానీ ఆ షీటు ఇంట్లోకి వచ్చింది ఖాళీగా. నిలువుగా పట్టుకుని, మెట్ల మలుపులో వంచీ వంచకా ఇద్దరు పనివాళ్లు పైకి చేర్చారు. ఇప్పుడు దాని మీద కొండలున్నాయి, కింద ఫ్రేముంది. 19 ఎంఎం ప్లై అయితే ఉత్త షీటే ముప్పై కిలోలు దాటుతుంది. నలుగురు పట్టే లిఫ్టులో పట్టదు, పాత మేడల మెట్ల మలుపులో తిరగదు. ఎలాగో కిందికి దించినా, వీధిలో ఆగిన టాటా ఏస్ తొట్టి పొడవు 2,200 మిల్లీమీటర్లు, ఏడడుగుల పైచిలుకు. ఎనిమిదడుగుల రైల్వే తోక బయటే ఉంటుంది.

కొయ్యక తప్పదు.

కొయ్యడమంటే నాశనం చేయడమని బెంగపడేవాళ్లు ఒకసారి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద తల ఎత్తి చూడాలి. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 11 కిలోమీటర్ల మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు దాని మీదివే. రైలు నడిచే ఆ వంతెనను అక్కడికక్కడ పోత పోయలేదు. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో కాంక్రీటు ముక్కలుగా పోసి, ట్రైలర్ల మీద తెచ్చి, స్తంభాల నడుమ వేలాడదీసి, లోపల్నుంచి ఉక్కు తీగలు లాగి బిగించారు. ముక్కకీ ముక్కకీ మధ్య గీత ఇప్పటికీ కనిపిస్తుంది. దాని మీద రైలు కుదుపు లేకుండా పోతూనే ఉంది. ముక్కలుగా ఉండటం లోపం కాదు. ఎక్కడ ముక్క చేయాలో ముందే తెలియకపోవడం లోపం.

మెట్రో ప్రస్తావన వచ్చింది కాబట్టి ఓ చిన్న విశేషం. మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది విదేశాల్లోని 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు లెక్క. అంటే మోడళ్లలో నడిచే గోదావరి ఎక్స్‌ప్రెస్ నిజానికి ఇరుకు పట్టాల మీద సర్దుకుపోతోంది. హైదరాబాద్ మెట్రో మాత్రం స్టాండర్డ్ గేజే. పైగా మూడు బోగీలే. హెచ్‌ఓలో మొత్తం రైలు మూడడుగులు దాటదు. ఇల్లు మారాక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గమనించాల్సిన సంగతి: చిక్కడపల్లి వాసికి, కొలతలు తప్పకుండా, తక్కువ చోటులో కుదిరే రైలు ఇంటి ముందే తిరుగుతోంది. ఒకప్పుడు మీటర్ గేజ్ రైళ్లు వచ్చిపోయిన కాచిగూడ స్టేషను మీద మోజున్నవాళ్లకు 12 మిల్లీమీటర్ల పట్టా దగ్గరగా సరిపోతుంది గానీ, దాని మీద నడిపే మన మీటర్ గేజ్ ఇంజన్లు సొంతంగా చేసుకోవాల్సిందే.

ఇక ఉన్న లేఔట్ విప్పడానికి మంచి నెల ఏదంటే ఆషాఢం. హాస్యానికి అన్న మాట కాదు. తెలుగిళ్లలో ఆషాఢంలో ఇల్లు మారరు. శ్రావణం రాగానే ముహూర్తం పెట్టుకుని కొత్తింట్లో పాలు పొంగిస్తారు. పంచాంగం ఇచ్చిన ఆ నెల రోజుల గడువు లేఔట్ విప్పడానికి అతికినట్టు సరిపోతుంది. ఆదివారం ఒక్క పూటలో అయ్యే పని కాదిది. చిక్కేమిటంటే శ్రావణమంటే హైదరాబాద్‌లో వాన. మే నెలలో ఎండి బిగుసుకున్న ప్లైవుడ్ ఆగస్టు తేమకు ఉబ్బుతుంది. అట్టతో చేసిన స్టేషన్ గోడలు మెత్తబడతాయి. కాబట్టి తార్పాలిన్ కప్పిన బండి, అట్టపెట్టెల లోపల పాలిథిన్ సంచి తప్పనిసరి.

విప్పే వరసలో మొదటిది ఏదీ ముట్టుకోకపోవడం. ముందు ఫోటోలు తీయాలి. పైనుంచి, పక్కల నుంచి, మరీ ముఖ్యంగా బల్ల కింద నుంచి. తర్వాత ఇంజన్లు, బోగీలు. అవి కొన్నప్పటి డబ్బాలుంటే అంతకన్నా మంచి ప్యాకింగ్ లేదు. రేపు అమ్మాల్సొచ్చినా డబ్బా ఉన్న ఇంజన్‌కి ధర ఎక్కువ పలుకుతుంది. డబ్బాలు లేకపోతే చాలామంది బబుల్ ర్యాప్ నేరుగా చుట్టేస్తారు. వేడికి ఆ ప్లాస్టిక్ బుడగల అచ్చులు రంగు మీద పడి, ఇంజన్‌కి అమ్మవారు పోసినట్టు తయారవుతుంది. ముందు మెత్తటి టిష్యూ కాగితం, ఆ పైన బబుల్ ర్యాప్, పెట్టెలో నిలువుగా కాకుండా చక్రాల మీద నిలబడేట్టు. పడుకోబెడితే గేర్లలోని నూనె మోటారులోకి దిగుతుంది.

తర్వాత ఇళ్లు, సిగ్నళ్లు, చెట్లు. అతికించకుండా పెట్టినవి చేతికొస్తాయి. అతికించినవి బేస్‌తో సహా కోసి తీయాలి.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఈ తెలివి తరతరాలుగా ఉంది. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి, బట్ట పరిచి, బొమ్మలు పేర్చి, కొందరు కింద పార్కు, చెరువు, రైలు కూడా అమర్చి, పండగ కాగానే పాత మెత్తటి బట్టల్లో చుట్టి అటకెక్కిస్తారు. అందులో జిగురుతో పని లేదు. ఏడాదికోసారి విప్పాలని తెలుసు గనక అలాగే పేరుస్తారు. లేఔట్ వేసేవాడు మాత్రం, ఇది శాశ్వతం అన్నట్టు కనిపించిన ప్రతిదానికీ ఫెవికాల్ రాస్తాడు.

అయితే ఆ ఫెవికాల్‌లోనే ఓ వెసులుబాటు ఉంది. పట్టాల మధ్య పోసిన సన్న కంకరను సాధారణంగా నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో గట్టిపరుస్తారు. మామూలు తెల్ల జిగురు నీటికి మెత్తబడుతుంది. మెరైన్ రకం వాడితే అంతే సంగతులు, అది నీళ్లకు లొంగదు. మామూలు రకమైతే పాయింటును, అంటే రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాల అమరికను, ఎలా రక్షించాలో చూడండి. ముందు కింద ఉన్న స్విచ్ మోటారు విప్పేయాలి. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, కంకర మీద డ్రాపర్‌తో తడపాలి. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. తెల్లగా పాలలా పొంగితే జిగురు వదిలినట్టే. అప్పుడు పెయింటర్లు లప్పం పెట్టే పల్చటి బ్లేడును స్లీపర్ల కిందికి పడుకోబెట్టి తోయాలి. ఒక కొస పట్టుకుని పైకి లాగితే సన్నటి కదిలే పట్టాలు వంగిపోతాయి, పాయింటు ఇక పనికిరాదు. మొత్తం వదిలాక శుభ్రమైన నీళ్లలో కడిగి, పాత టూత్‌బ్రష్షుతో కంకర దులిపి, ఒక రోజంతా ఆరబెట్టాలి. ఇంత ఓపిక ఒక్క పాయింటుకా అంటే, అవును. అది దిగుమతి సరుకు. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. చిన్న సైజు మోడళ్లు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. ఒక గూడ్స్ బోగీ పోతే పోయిందనుకోవచ్చు. డజను పాయింట్లు మళ్లీ కొనాలంటే ఇంట్లో ఆర్థిక మంత్రి అనుమతి కావాలి.

కొండల దగ్గర మాత్రం మనసు రాయి చేసుకోవడమే మేలు. థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, రంగు పొడి వీటితో చేసిన కొండకు ఖర్చయింది తక్కువ, పట్టిన కాలం ఎక్కువ. అందుకే దాన్ని వదలబుద్ధి కాదు. కానీ బరువు దానిదే, పగిలేదీ అదే, కొత్త గదిలో ఎటూ సరిపోనిదీ అదే. పట్టాలు, పాయింట్లు, ఇంజన్లు, కంట్రోలరు, కట్టడాలు మిగిలితే లేఔట్ మిగిలినట్టే లెక్క. నచ్చిన మూల ఒకటి ఉంటే, ఒక పాత వంతెనో, చెరువు గట్టో, దాన్నొక్కదాన్ని పలకలా కోసి దాచుకోవచ్చు.

అమెరికాలో ఈ సరదాకు గురువులాంటి జాన్ అలెన్ చేసింది అదే. ఆయన మొదటి లేఔట్ మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు పైచిలుకు. 1953లో కాలిఫోర్నియాలోని మాంటెరీలో ఇల్లు మారాక, అక్కడ కొత్తగా కట్టిన మహా లేఔట్‌లో ఈ చిన్నదాన్ని ఒక భాగంగా ఇమిడ్చేశాడు. 1973 జనవరిలో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ ఇల్లు అగ్నిప్రమాదానికి గురై, రైల్వే చాలామటుకు కాలిపోయింది. ఇంగ్లండ్‌లో పీటర్ డెన్నీ కథ వేరు. ఆయన చర్చి పాస్టరు, ఊళ్లు మారక తప్పని ఉద్యోగం. 1940ల్లో మొదలుపెట్టిన ఆయన బకింగ్‌హామ్ లైను ముక్కలుగా విడిపోయేట్టు కట్టింది కాబట్టే ఆయనతో పాటు మారుతూ, పెరుగుతూ, దశాబ్దాలు బతికింది. పాప్ గాయకుడు రాడ్ స్టూవర్ట్ లాస్ ఏంజిలస్ ఇంట్లో రెండు దశాబ్దాలకు పైగా కట్టిన నగరం 1,500 చదరపు అడుగులు. కచేరీలకు వెళ్లినప్పుడు హోటల్లో ఇంకో గది తీసుకుని మరీ ఆ భవనాలు చేసేవాడు. ఇంగ్లండ్‌కి తిరిగి వెళ్లేటప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్లాడు. డబ్బుంటే ఏమైనా చేస్తారనుకోవచ్చు గానీ, విడదీయడానికి వీల్లేని బల్లయితే డబ్బు కూడా ఏమీ చేయలేదు.

మన దేశంలో చూడాల్సింది పుణేలోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం. భావు జోషీ ముందు హాళ్లలో ప్రదర్శనలు పెట్టేవారు. ప్రతిసారీ పరచడం, మళ్లీ విప్పడం. చివరికి కోత్రూడ్‌లో 1998 ఏప్రిల్ 1న శాశ్వత మ్యూజియంగా తెరిచారు. విప్పే బాధ పడలేనివాళ్లకు ఇది రెండో దారి: రైల్వేకే ఇల్లు కట్టడం. అశోక్‌నగర్‌లో చదరపు అడుగు ధర తెలిసినవాళ్లకు మొదటి దారే నయం.

ఇక కొయ్యడం దగ్గరికి వద్దాం. షీటును అడ్డంగా రెండు నాలుగడుగుల ముక్కలు చేయాలి. గీత ఎక్కడ పడాలో పట్టాల్ని చూసి నిర్ణయించాలి. పాయింటు మీదుగా పోకూడదు, పట్టాలను వీలైనంత లంబంగా దాటాలి. గీతకు రెండు వైపులా, ప్రతి పట్టా కింద ఒక చిన్న ఇత్తడి స్క్రూను ప్లైలోకి బిగించి, దాని తలకూ పట్టాకూ సోల్డర్ పెట్టాలి. అప్పుడే కోత. సోల్డర్ పెట్టకుండా కోస్తే పట్టా కొస పైకి లేచి, మళ్లీ కలిపినప్పుడు అర మిల్లీమీటరు తేడా వస్తుంది. హెచ్‌ఓ ఇంజను పట్టాలు తప్పడానికి అది చాలు. పట్టాలను సన్న డిస్కుతో, కళ్లద్దాలు పెట్టుకుని కోసి, తర్వాత ప్లైని రంపంతో కోయాలి. కోతకు రెండు వైపులా ఫ్రేముకు కొత్త అడ్డకర్రలు కొట్టి, పిన్ను లాగితే విడిపోయే తలుపు బందులు బిగిస్తే, కొత్తింట్లో పిన్ను దూర్చగానే రెండు ముక్కలూ పాత చోటే కూర్చుంటాయి.

వైర్లు తెంపే ముందు ప్రతి వైరుకీ రెండు కొసలా మాస్కింగ్ టేపు మీద ఒకే పేరు రాయాలి. "ఎర్ర వైరు" అని రాస్తే లాభం లేదు, బల్ల కింద ఉన్నవన్నీ ఎర్రవే. "స్టేషను లూపు, కుడి పట్టా" అని రాయాలి. పాత కంప్యూటర్ ప్రింటర్లకు వాడే పాతిక పిన్నుల కనెక్టర్ ఒకటి పెడితే ఒక్క లాగుడుతో పాతిక వైర్లు విడిపోతాయి. నారాయణగూడ నుంచి కోఠి ఎంత దూరం గనక. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు వెళితే సోల్డరు, వైరు, కనెక్టరు అన్నీ ఒక్క వీధిలో పూర్తవుతాయి.

కోసిన రెండు ముక్కలను రవాణా చేసే పద్ధతి ఎగ్జిబిషన్లకు తిరిగేవాళ్లు కనిపెట్టారు. ఒకదాని మీద ఒకటి పేర్చరు. పట్టాలున్న వైపులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో అడుగు ఎడం ఉంచి, రెండు కొసలకూ చెక్క పలకలు బోల్టులతో బిగిస్తారు. కొండలు, పట్టాలు అన్నీ పెట్టె లోపలే ఉండిపోతాయి. బయట కనిపించేది ఉత్త ప్లైవుడ్. దాని మీద కూలివాడు చెయ్యి ఎక్కడ వేసినా భయం లేదు. నాలుగడుగుల ఆ పెట్టె టాటా ఏస్‌లో కూర్చున్నాక పక్కన వాషింగ్ మెషిన్‌కి కూడా చోటు మిగులుతుంది.

కొత్తింట్లో గది చిన్నదైతే ఎనిమిది బై నాలుగును మళ్లీ కలపాలన్న పట్టుదల వదిలేయవచ్చు. 1970ల్లో కాలిఫోర్నియాలో ఎన్ సైజు అభిమానులు ఎన్‌ట్రాక్ అని ఓ ప్రమాణం పెట్టుకున్నారు: రెండడుగులు బై నాలుగడుగుల బల్లలు, ఎవరిది ఎవరిదానికైనా అతికేట్టు. దానికన్నా చిన్నది జపాన్‌లో పుట్టిన టీ‌ట్రాక్. ఒక ముక్క పొడవు 308 మిల్లీమీటర్లు. చెక్క పెట్టెలాంటి దాని మీద రెండు లైన్లు, డైనింగ్ టేబుల్ మీద వరసగా పెడితే పట్టాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. భోజనాల వేళకు తీసి అల్మరాలో పెట్టేయొచ్చు. ఒక ముక్క మీద చిక్కడపల్లి మెట్రో స్టేషను, ఇంకోదాని మీద కాచిగూడ ప్లాట్‌ఫాం, మరోదాని మీద నారాయణగూడ ఫ్లైఓవరు చేసుకుంటూ పోతే, ఇంకోసారి ఇల్లు మారాల్సొచ్చినా ఆషాఢం మొత్తం అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు.

ఇక చివరిగా పాతింటి పని. లేఔట్ ఆనించడానికి గోడకు కొట్టిన బ్రాకెట్లు విప్పితే రంధ్రాలు బయటపడతాయి. ఓనరుగారు వాటిని వేలితో తడిమి చూసి, పెయింటింగ్ చార్జీలని అడ్వాన్సులో కోత పెట్టడం హైదరాబాద్‌లో మామూలే. పాయింట్లు తీయడానికి కొన్న లప్పం బ్లేడు ఎలాగూ చేతిలో ఉంటుంది. తాళాలు ఇచ్చే ముందు రోజే ఆ రంధ్రాలకు లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితం రుద్ది, మిగిలిన పాత రంగు డబ్బా ఉంటే ఒక పూత వేసేస్తే అడ్వాన్సు పూర్తిగా చేతికొచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది.